క్షౌర శస్త్ర వివేకము: పాత రేజరా, కొత్త రేజరా?

పలుదోము పుల్ల మొదలు పవళించు శయ్య వరకు దినచర్యలోని ప్రతి అంశమును మన ఆయుర్వేద శాస్త్రము విచారించినది. క్షౌరకర్మ అందులో ఒకటి. కేశములు, గడ్డము, గోళ్లు తీయించుకొనుట పుష్టిని, ఆయుష్షును, శుచిత్వమును, రూపకాంతిని కలిగించునని చరక సంహిత సూత్రస్థానము 5వ అధ్యాయమున చెప్పబడినది. 8వ అధ్యాయమున పక్షమునకు మూడు పర్యాయములు, అనగా సుమారు 5 దినములకొకసారి, ఈ కర్మ జరుపవలెనని విధింపబడినది. ఇందువలన శరీరమునకు తేలికదనము, మనస్సునకు హర్షము, ఉత్సాహము కలుగునని సుశ్రుతుడు చికిత్సాస్థానమున తెలిపెను. వాగ్భటుడు కూడ గడ్డమును, గోళ్లను పొట్టిగా ఉంచుకొనుమని దినచర్యాధ్యాయమున బోధించెను.

ఇంత శ్రేష్ఠమైన కర్మను నేడు మనము ఆలోచన లేకుండ ముగించుచున్నాము. తినెడి కూరను నలుగురిని అడిగి కొందుము గాని, ముఖముపై నడిపించు శస్త్రమును గూర్చి ఒక్కరినైనను అడుగము. అందువలననే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నంగునూరులో నన్ను అడిగిన ప్రశ్న నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. “అయ్యగారూ, నాకు షుగరున్నది. చిన్న గాటు పడ్డా పది దినాలు మానదు. బిడ్డ అమెరికా నుంచి ఇంజెక్టర్ రేజరు పాతదొకటి, కొత్తదొకటి తెచ్చింది. ఏది వాడమంటరు?” అని ఆయన అడిగెను. పిల్లలు విదేశములలో ఉన్న ఇండ్లు నేడు ప్రతి గ్రామమునను ఉన్నవి. పదునైన వస్తువును మధుమేహము గలవారి చేతికి ఇచ్చునపుడు జాగ్రత్త తప్పనిసరి. అందరికీ ఉపయోగపడునను తలంపుతో ఆయనకు చెప్పిన సమాధానమును పాఠముగా విస్తరించి వ్రాయుచున్నాను.

ఇంజెక్టర్ రేజరు అనగానేమి?

మన తాతల కాలమున క్షౌరమునకు మంగలి కత్తి ఒక్కటే సాధనము. మా వైపు దానిని ఉస్తర అందురు. నూరుడు రాయిపై నూరి, తోలు పట్టీపై సాగదీసి, నేర్పరియైన చేయి మాత్రమే దానిని నడుపవలెను. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనునాతడు పలుచని రెండంచుల బ్లేడును, దానిని పట్టి ఉంచు రేజరును 1903లో అమ్మకమునకు తెచ్చి, 1904లో పేటెంటు పొందెను. నేడు మన కిరాణా దుకాణములలో లభించు రెండంచుల బ్లేడు ఆ వంశములోనిదే.

అమెరికా సైన్యమున అధికారిగా పనిచేసిన జేకబ్ షిక్, వరుసగా తూటాలను అందించు తుపాకిని చూచి, బ్లేడులను కూడ అట్లే అందింపవచ్చునని యోచించెను. ఆయన మొదటి రేజరు 1926లో వెలువడినది. 1930లలో దానినుండి ఇంజెక్టర్ రేజరు రూపొందినది. ఇందు బ్లేడుకు ఒకే అంచు ఉండును. బ్లేడులు ఒక చిన్న లోహపు డబ్బీలో వరుసగా పేర్చబడి ఉండును. డబ్బీ కొనయందలి తాళపుచెవి వంటి భాగమును రేజరు తల ప్రక్కనున్న రంధ్రమున చొప్పించి, మీటను నెట్టినచో కొత్త బ్లేడు లోనికి జారును. వాడిన బ్లేడు రెండవ ప్రక్కనుండి వెలుపలికి వచ్చును. వ్రేలు బ్లేడును తాకవలసిన పని లేదు. చేతులు వణకువారికి, చూపు మందగించినవారికి ఇది చెప్పుకోదగిన మేలు.

రెండంచుల బ్లేడు మందము సుమారు 0.1 మిల్లీమీటరు. ఇంజెక్టర్ బ్లేడు సుమారు 0.25 మిల్లీమీటరు. కావున ఇది గీయునపుడు తక్కువగా వంగును. తల సన్నముగా ఉండుటచే ముక్కు క్రిందను, పెదవి అంచులందును సులభముగా తిరుగును.

శస్త్రమునకు ఆరు గుణములు, ఎనిమిది దోషములు

పాతకొత్తల వాదమును తీర్చుటకు మనకు కొలబద్ద కావలెను. అది సుశ్రుత సంహిత సూత్రస్థానము 8వ అధ్యాయమున కలదు. అచట 20 శస్త్రములు వర్ణింపబడినవి. వానిలో వృద్ధిపత్రమును క్షౌరపు కత్తివంటిదని వ్యాఖ్యానించువారు కలరు. మంచి శస్త్రమునకు ఆరు గుణములు చెప్పబడినవి: పట్టుకొనుటకు అనువుగా ఉండుట, మంచి లోహముతో చేయబడుట, మంచి పదును కలిగి ఉండుట, చక్కని రూపము, మొన లేక అంచు సరిగా కుదిరి ఉండుట, పండ్లు పండ్లుగా లేకుండుట.

దోషములు ఎనిమిది: వంకర, మొద్దు, విరుగుడు, గరుకు అంచు, అతి లావు, అతి చిన్నది, అతి పొడవు, అతి పొట్టి. గరుకు అంచు రంపమునకు మాత్రమే గుణము, ఇతర శస్త్రములకు దోషము.

పదును కాపాడుటను గూర్చి కూడ ఆచార్యుడు చెప్పెను. మినుముల రంగుగల నున్నని రాతిపై నూరవలెను; అంచు చెడకుండ బూరుగు పలకను ఉపయోగింపవలెను. వెంట్రుకను అవలీలగా కోయగలిగినప్పుడే శస్త్రము వినియోగమునకు యోగ్యమని ఆయన నిర్ణయము. పదునునకు వెంట్రుకయే పరీక్ష! క్షౌరమునకు ఇంతకంటె తగిన సూత్రము వేరొకటి కలదా?

మంచి లోహమను మాటకు మన ప్రాంతమున ప్రత్యేక గౌరవము కలదు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. కత్తి విలువ దాని వయస్సులో గాక లోహములోను, పదునులోను ఉన్నదని ఆ కమ్మరులు ఎరిగినవారు.

పిడి వేరు, పదును వేరు

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఉస్తరయందు పిడియు అంచును కలిసి ఒకే వస్తువు. దానికి ‘పాతది’ అన్నచో అంచు కూడ పాతదే. సేఫ్టీ రేజరునందు ఈ రెండును విడిపోయినవి. ముఖమును తాకి వెంట్రుకను కోయునది బ్లేడు. దానిని తగిన కోణమున పట్టి ఉంచునది రేజరు. రేజరు 1950 నాటిదైనను, నిన్నటిదైనను బ్లేడు మాత్రము నేటిదే కావలెను. ఆరు గుణములలో ‘మంచి పదును’ బ్లేడుకు చెందును. పట్టు, కుదురు రేజరుకు చెందును. మంచి లోహము రెండింటికిని కావలెను.

కావున ‘పాతదా, కొత్తదా’ అని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ రేజరు బ్లేడును కదలకుండ పట్టుచున్నదా? దీనిని పూర్తిగా శుభ్రము చేయవచ్చునా? దీనికి తగిన కొత్త బ్లేడులు నాకు ఎల్లప్పుడు దొరకునా? ఈ మూడింటికి అవునను సమాధానము వచ్చినచో వయస్సుతో పని లేదు.

మూడవ ప్రశ్నను చాలమంది మరచెదరు. గడ్డములో పొక్కులతో వచ్చిన ఒక రైతును రేజరు చూపుమంటిని. రేజరు నిక్షేపముగా ఉన్నది. బ్లేడు మాత్రము రెండు నెలలనుండి మార్చలేదు. విదేశమునుండి వచ్చిన డబ్బీలో అదే చివరిది, అయిపోవునను లోభము. మొద్దు అంచు వెంట్రుకను కోయక లాగును. చేయి తెలియకుండనే బలముగా నొక్కును. చర్మము గీరుకొని పొక్కులు లేచును. ఇంజెక్టర్ బ్లేడులు మన ఊరి దుకాణములలో సాధారణముగా లభింపవు. తెప్పించుకొనవలసినదే. మరియొకరు పంపునంతవరకు పాత బ్లేడుతో కాలక్షేపము చేయువారికి ఈ రేజరు, పాతదైనను కొత్తదైనను, తగదు. వారికి ప్రతి అంగడియందును దొరకు రెండంచుల బ్లేడే శ్రేయస్కరము.

పాత రేజరును పరీక్షించు విధము

1. తల లోపలి స్ప్రింగు: ఇదియే పాత ఇంజెక్టరుకు ప్రాణము. బ్లేడు ఎక్కించిన పిమ్మట వెలుతురులో చూడవలెను. అంచు ఒక కొననుండి మరియొక కొన వరకు సమానముగా కనబడవలెను. ఒక ప్రక్కకు వాలినను, కదలినను స్ప్రింగు బలము తగ్గినదని గ్రహింపవలెను. అట్టి రేజరు అలంకారమునకే గాని క్షౌరమునకు కాదు.

2. పూత: పాతవానిలో చాలవరకు ఇత్తడిపై నికెల్ లేక బంగారు పూత వేసి చేసినవి. పూత లేచినచోట చిలుము పట్టును. నికెల్ పడని శరీరము గలవారికి దురద, దద్దురు కలుగవచ్చును. గడియారపు పట్టీ, గిల్టు నగలు తాకినచోట దురద పుట్టువారు ఈ విషయమున జాగ్రత్త వహింపవలెను.

3. పిడి: బేకలైటు పిడులలో సన్నని పగుళ్లు ఉండును. వానిలో సబ్బు, మురికి చేరి తడి ఆరదు. తడిచేతికి జారును కూడ.

4. చర్మమును సాగదీయు ముందుపట్టీ: అది వంగినచో బ్లేడు చర్మమును తాకు కోణము మారిపోవును. ఇది వంకర దోషము.

5. రేజరుతోపాటు వచ్చిన పాత బ్లేడులు: వానిని ఎంత భద్రముగా చుట్టి ఉంచినను వాడరాదు.

కొత్త రేజరును పరీక్షించు విధము

కొత్తది కదా యని నమ్మి ఊరకుండరాదు. చవుకగా దొరకునవి కొన్ని జింకు మిశ్రమముతో పోత పోసి, పైన క్రోమియం పూత వేసినవి. పూతపై గీత పడినచో లోపలి లోహము నీటికి త్వరగా చెడును. తుప్పుపట్టని ఉక్కుతో చెక్కినది మేలు; వెల ఎక్కువైనను జీవితకాలము వచ్చును.

రెండవ విషయము బ్లేడు కొలత. ఒకే అంచు బ్లేడులన్నియు ఒకటి కావు. జపాను దేశపు క్షురకులు వాడు పొడవైన బ్లేడులు కొన్ని చూపులకు ఇట్లే ఉండును గాని ఇందులో పట్టవు. సరిపడని బ్లేడును బలవంతముగా చొప్పించుట ప్రమాదకరము. ఏ బ్లేడు పట్టునో కొనుటకు ముందే తెలిసికొనవలెను.

మూడవది తీక్ష్ణత. బ్లేడు అంచు ఎంత వెలుపలికి కనబడునో, రేజరు అంత తీక్ష్ణము. దట్టమైన గడ్డము గలవారికి తీక్ష్ణము పనికివచ్చును. మధుమేహులకు, సున్నిత చర్మము గలవారికి మృదువైనదే తగినది. దీనిని పాతకొత్తలు నిర్ణయింపవు. రెండింటను రెండు విధములును ఉన్నవి.

పాతదానిని శుద్ధి చేయుట

బ్లేడు తీసివేసి, గోరువెచ్చని సబ్బునీటిలో అరగంట నానబెట్టి, మెత్తని పాత టూత్‌బ్రష్షుతో తల లోపలి సందులను రుద్దవలెను. ఇత్తడి చెంబులను తోమినట్లు చింతపండు, బూడిదలతో తోమరాదు; పూత పోవును. పూర్తిగా లోహముతో చేసినదైనచో 20 నిమిషములు నీటిలో మరగింపవచ్చును. బేకలైటు, ప్లాస్టిక్ పిడి గలవానిని మరగింపరాదు. మందుల దుకాణములో దొరకు స్పిరిటులో తలను 10 నిమిషములు ముంచి, పూర్తిగా ఆరనీయవలెను. స్పిరిటు మండును గనుక పొయ్యి, దీపము దగ్గర ఈ పని కూడదు. మురికి పోకముందు స్పిరిటు పోసినచో ప్రయోజనము లేదు. కడుగుట ముందు, క్రిమిహరణము తరువాత.

బోరు నీరు వాడు ఇండ్లలో ఉప్పు తెల్లగా పేరుకొని స్ప్రింగును బిగియజేయును. క్షౌరమైన వెంటనే మంచినీటితో కడిగి, విదిలించి, గాలికి ఆరవేయవలెను. బ్లేడును గుడ్డతో తుడువరాదు; అంచు చెడును, వ్రేలు తెగును.

ఒకరిది ఒకరికి కూడదు

కొన్ని వ్యాధులు స్పర్శ వలనను, కలిసి భుజించుట వలనను, ఒకరి శయ్య, వస్త్రము, లేపనము మరియొకరు వాడుట వలనను సంక్రమించునని సుశ్రుతుడు నిదానస్థానమున చెప్పెను. క్షౌర శస్త్రము రక్తమును కూడ తాకును గనుక దీనికి మరింత కట్టుబాటు అవసరము. కాలేయమును చెరచు హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో కనీసము 7 దినములు బ్రతికి ఉండగలదని ఆధునికులు నిర్ధారించిరి. తామర, చీముపొక్కులు కూడ ఈ మార్గమున వచ్చును.

ఎన్నో ఏండ్లు పెట్టెలో పడియున్న రేజరుపై అట్టి క్రిమి మిగిలియుండదు. కాని అంగడిలో కొన్న పాతదానిని చివరిసారి ఎవరు, ఎప్పుడు వాడిరో మనమెరుగము. కావున పైన చెప్పిన శుద్ధి తప్పనిసరి. తండ్రి రేజరు కుమారుడు, అన్న రేజరు తమ్ముడు వాడు అలవాటును మానవలెను. పటికబిళ్ల కూడ ఎవరిది వారికే. నాయీబ్రాహ్మణ సోదరుల దుకాణమునకు వెళ్లినపుడు మన కన్నుల ముందు కొత్త బ్లేడు వేయుమని అడుగుటలో మొగమాటము అక్కరలేదు. చాలమంది ఇప్పుడు అడుగకుండనే వేయుచున్నారు.

క్షౌర విధానము

ముందుగా ముఖమును కడిగి, వేడినీటిలో పిండిన గుడ్డను 2, 3 నిమిషములు గడ్డముపై ఉంచవలెను. వెంట్రుక నీరు త్రాగి మెత్తబడును. వాతప్రకృతి గలవారు పొడిచర్మముపై 3, 4 చుక్కల నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని రాసి, పైన నురుగు పట్టింపవలెను. పిత్తప్రకృతి వారికి సువాసన ద్రవ్యములు లేని సబ్బు మంచిది. కఫప్రకృతి వారు పెసరపిండితో ముందు జిడ్డు పోగొట్టుకొనవలెను.

ఇంజెక్టర్ రేజరు తలను చెంపపై సమముగా ఆనించినచో తగిన కోణము దానంతట అదియే కుదురును. నొక్కరాదు. రేజరు బరువే చాలును. పొట్టి గీతలతో, వెంట్రుక పెరుగు దిశలోనే గీయవలెను. ఎదురు గీయుట, చర్మమును బలముగా సాగదీయుట వలన తెగిన వెంట్రుక లోనికి పోయి, అచటనే వంగి పెరిగి పొక్కు కట్టును. మూడు, నాలుగు బ్లేడులు ఒకే తలలో గల రేజరులు కూడ వెంట్రుకను పైకి లాగి చర్మపు మట్టమునకు క్రిందుగా కోయగలవు. గిరజాల గడ్డము గలవారికి ఒకే బ్లేడు హితము. దట్టమైన గడ్డమునకు 3, 4 క్షౌరములు, పలుచని గడ్డమునకు 5, 6 క్షౌరములు ఒక బ్లేడుకు పరిమితి. వెంట్రుక లాగినట్లు తోచిన దినమే బ్లేడు ఆయువు తీరినది.

గాట్లకు, పొక్కులకు గృహచికిత్స

గాటు పడినచో మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో 5 నిమిషములు ఎడతెగక అదిమి పట్టవలెను. పిదప తడిపిన పటికను మెల్లగా అద్దవలెను. పటిక కషాయ రసము కలది, రక్తమును నిలుపును. కాఫీపొడి, సున్నము, బీడీ కాగితము అంటించుట కూడదు.

మంటకు కలబంద గుజ్జు ఉత్తమము. మట్టను కోసి, కారు పసుపుపచ్చని జిగురును పూర్తిగా పోనిచ్చి, లోపలి తెల్లని గుజ్జునే వాడవలెను. ఆ జిగురు దురద పుట్టించును. పిత్తప్రకృతి వారు చందనమును పన్నీటితో అరగదీసి పూయవచ్చును. పొక్కులకు గుప్పెడు వేపాకును అరలీటరు నీటిలో సగము మిగులునట్లు కాచి, వడగట్టి, చల్లార్చి, దినమునకు రెండుమార్లు కడుగవలెను. ఏ లేపనమునైనను ముందు ముంజేతిపై పరీక్షించి, తరువాతనే ముఖమునకు వాడవలెను. లోపల వంగిన వెంట్రుకను సూదితో కెలుకరాదు. 3, 4 వారములు క్షౌరము మానుటయే చికిత్స.

పై పెదవి, ముక్కు ప్రాంతమున చీముగడ్డ లేచినచో పిసుకరాదు. అచటి దోషము మెదడువరకు ప్రాకవచ్చును. గుండ్రముగా ప్రాకు దురదమచ్చ తామర కావచ్చును. దుకాణములో అడిగి స్టెరాయిడు లేపనములు కొని పూయుట వలన అది అణగినట్లు కనబడి మరింత ముదురును. ఎరుపు వ్యాపించినను, వాపు, జ్వరము వచ్చినను, గాటు 3 దినములలో మానుముఖము పట్టకున్నను వైద్యుని చూడవలెను. మధుమేహులు మొదటి దినమే చూపించుకొనుట మేలు. మట్టి, పేడ అంటినచోట గాయమైనచో ధనుర్వాతపు సూదిమందును గూర్చి కూడ అడుగవలెను.

వాడిన బ్లేడును పెంటకుప్పపై వేయకుడు. పశువులు మేతతో మ్రింగిన లోహము వాని ప్రాణము తీయును. పిల్లల కాళ్లు తెగును. మూతకు చీలిక పెట్టిన రేకుడబ్బాలో వేసి, నిండిన పిదప మూసివేయవలెను. కొన్ని ఇంజెక్టర్ డబ్బీలలో వాడిన బ్లేడును దాచుటకు వెనుక అర కలదు; దానిని ఉపయోగించుకొనుడు.

నిర్ణయము

స్ప్రింగు బిగువుగా ఉండి, పూత చెడక, శుద్ధి చేసిన పాత రేజరును నిస్సంకోచముగా వాడవచ్చును. ఆ మూడింటిలో ఒక్కటి లోపించినను, తుప్పుపట్టని ఉక్కుతో చేసిన మృదువైన కొత్తదే మేలు. బ్లేడుల సరఫరా లేనివారు రెండింటిని వదలి రెండంచుల రేజరును స్వీకరింపవలెను. చేతివ్రేళ్లలో స్పర్శ తగ్గినవారు, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు, గాట్లు త్వరగా మానని మధుమేహులు ఏ బ్లేడుకును పోక, గడ్డమును కొద్దిగా మిగుల్చు విద్యుత్ ట్రిమ్మరు వాడుట క్షేమము. పొట్టిగా ఉంచుకొనుమనియే గాని చర్మము మెరయునట్లు గీయుమని వాగ్భటుడు చెప్పలేదు గదా!

ఉపాధ్యాయునికి నేను ఇచ్చిన సలహా కూడ ఇదియే. కుమార్తె తెచ్చిన పాత రేజరు స్ప్రింగు వదులైనది గనుక దానిని అద్దాల బీరువాలో ఉంచుకొనుమంటిని. కొత్తది మృదువైనదే అయినను, ఆయన గాట్లు ఆలస్యముగా మానుచున్నవి గనుక రక్తములో చక్కెర అదుపునకు వచ్చువరకు ట్రిమ్మరు వాడుమని, తరువాత 5 దినములకొకసారి కొత్త బ్లేడుతో గీసికొనుమని చెప్పితిని.